ఎత్తు తక్కువ, అనుభవమూ తక్కువ: మొదటి మోటార్‌సైకిల్‌గా దేన్ని ఎంచుకోవాలి?

కొత్తక్లచ్:
సభ్యులందరికీ నమస్కారం. నా ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. శిక్షణలో 125 సీసీ బండి మీద నేర్చుకుని, మూడు నెలల క్రితం లైసెన్సు తీసుకున్నాను. ఇప్పుడు సొంత బండి కొనాలని రెండింటిని మనసులో పెట్టుకున్నాను. ఒకటి హోండా రెబెల్ 500. దాని సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లు, పెట్రోలుతో కలిపి బరువు దాదాపు 190 కిలోలు. రెండోది కవాసాకి నింజా 400. సీటు 785 మిల్లీమీటర్లు, బరువు 168 కిలోలు.

ఈ ప్రశ్న అడగడానికి ఒక కారణం ఉంది. గత నెలలో స్నేహితురాలి బండిని అడిగి తీసుకుని, మలుపు దగ్గర ఆగబోయాను. కుడికాలు దించిన చోట రోడ్డు అంచు పల్లంగా ఉంది. నేల తగులుతుందనుకున్న చోట తగల్లేదు, ఇంకో రెండు వేళ్ల లోతున తగిలింది. ఆ కాస్త తేడాలోనే బండి ఒరిగిపోయింది. మొదట్లో నెమ్మదిగానే ఒరిగినట్టు అనిపించింది, ఆ తరువాత మాత్రం నా చేతుల్లో ఆగలేదు. దెబ్బలేమీ తగలలేదు కానీ, అప్పటి నుంచి ఆగవలసిన ప్రతి చోటికీ ముందే నా కళ్లు నేలను వెతుకుతున్నాయి. రెండు పాదాలూ పూర్తిగా ఆనే బండి కొంటే ఈ భయం పోతుందా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతచైను:
నమస్కారమండీ. ముందుగా ఒక మాట. పాదాలు రెండూ ఆనడం అనేది ఆగి ఉన్న బండికి సంబంధించిన సౌకర్యమే తప్ప, కదిలే బండిని అదుపు చేయడానికి దానితో పని లేదు. నేను చూసినంతలో పొడవైన కాళ్లున్న కొత్తవాళ్లు కూడా సరిగ్గా మీరు చెప్పినట్టే పడిపోతారు, ఎందుకంటే ఆగే ఆఖరి క్షణంలో హ్యాండిల్ పక్కకు తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కుతారు. మీరు ఆగినప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉందా, తిరిగి ఉందా? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

బండి విషయానికి వస్తే, నాకు రెండూ మంచివే. కానీ సీటు ఎత్తు అంకెను చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దని మనవి.

రాత్రిప్రయాణం:
పాతచైను గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నిలకడగా ఆగగలననే ధీమా లేనివారు రోడ్డు మీద చూడవలసిన వాటిని చూడరు, నేలనే చూస్తూ ఉంటారు. ఆ ధీమా రావడానికి పాదాలు ఆనడం ఎంతో సహాయపడుతుంది. రెబెల్ తీసుకోండి. లేదా నింజా నచ్చితే వెనుక సస్పెన్షన్ లింకులు, అంటే వెనుక చక్రం భాగాన్ని షాక్ అబ్జార్బర్‌కు కలిపే పట్టీలు, మార్పించి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దింపించుకోండి. అది అరపూట పని.

స్పానర్:
బండ్లు విప్పి బిగించడం నా వృత్తి కాబట్టి, ఆ చివరి మాట మీద కొంచెం వివరంగా రాయక తప్పదు.

వెనుక లింకులు మార్చితే వెనుక భాగం మాత్రమే దిగుతుంది. దానితో ముందు ఫోర్కు మరింత వాలుగా నిలబడి, హ్యాండిల్ తిప్పినప్పుడు బండి మందంగా తిరుగుతుంది. దాన్ని సరిచేయాలంటే ముందు ఫోర్కు గొట్టాలను కూడా వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో కొంత పైకి జరపాలి. ఇక్కడితో పని పూర్తి కాదు. బండి దిగింది కానీ సైడ్ స్టాండ్ పొడవు దిగలేదు కాబట్టి, స్టాండ్ మీద బండి దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది. అవతలి వైపు నుంచి ఎవరైనా ఆనుకున్నా, వాలులో నిలిపినా అటు పక్కకు పడిపోతుంది. ఈ కారణం వల్ల పడి సైలెన్సరూ లివరూ వంగిన బండ్లు నా దగ్గరకు చాలాసార్లు వచ్చాయి. అందువల్ల స్టాండును కోసి, పొట్టి చేసి, వెల్డింగ్ చేయించాలి. పైగా బండి అడుగు భాగానికీ నేలకూ మధ్య ఖాళీ తగ్గుతుంది, మలుపుల్లో పాదం పెట్టుకునే కడ్డీ, అంటే ఫుట్‌పెగ్, ముందుగానే నేలను రాసుకుంటుంది.

దింపడం తప్పని నేను అనడం లేదు. అది ఆఖరున చేయవలసిన పని. అంతకంటే ముందు, ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటి ఉంది. తయారీదారులు ప్రకటించే సీటు ఎత్తు మామూలుగా ఎవరూ కూర్చోనప్పటి కొలత. మనిషి కూర్చోగానే స్ప్రింగు కొంత కుంగుతుంది. రోడ్డు బండ్లలో ఈ కుంగుడు సస్పెన్షన్ మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండాలని మేము సరిచూస్తాం. అంటే ఎక్కువ బండ్లలో దాదాపు 30 నుంచి 40 మిల్లీమీటర్లు. కానీ కార్ఖానాలో స్ప్రింగును బిగించేది 46 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని కాదు. బరువైనవారు కూర్చుంటే బండి వారి కోసం కిందికి వస్తుంది, తేలికైనవారు కూర్చుంటే పైనే ఉండిపోతుంది. పొట్టిగా ఉన్నవారు సాధారణంగా తేలికగా కూడా ఉంటారు కాబట్టి, వారికి ఇది రెండు విధాలా నష్టం. వెనుక షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగు బిగింపును మార్చే మెట్లలో ఒకటి రెండు వదులు చేస్తే సీటు కొన్ని మిల్లీమీటర్లు దిగడమే కాదు, గతుకుల మీద బండి మిమ్మల్ని ఎగరేయడం కూడా తగ్గుతుంది.

అయిదడుగులు:
కొత్తక్లచ్ గారూ, నా ఎత్తు 152 సెంటీమీటర్లు, ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. మీరు రాసిన ఆ రెండు వేళ్ల లోతు నాకు బాగా తెలుసు. దాని గురించి నేను నేర్చుకున్నది రాస్తాను.

సీటు ఎత్తు కంటే సీటు వెడల్పు ముఖ్యం. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుంటాయి, కాలు నేలకు తిన్నగా కాక ఏటవాలుగా దిగుతుంది, దాంతో ఉన్న పొడవులో కొంత వృథా అవుతుంది. అందుకే నేను బండి చూడటానికి వెళ్లినప్పుడు దర్జీ టేపు ఒకటి వెంట తీసుకెళ్తాను. బండిని ఎవరినైనా నిలువుగా పట్టుకోమని, ఒక వైపు నేల నుంచి టేపు పైకి తెచ్చి, మనం కూర్చునే చోట సీటు మీదుగా దాటించి, అవతలి వైపు నేల దాకా కొలవాలి. వచ్చినదానిలో సగాన్ని మీ కాలి లోపలి పొడవుతో పోల్చండి. బూట్ల మడమ ఎత్తును మీ వైపు కలుపుకోవచ్చు. బీఎమ్‌డబ్ల్యూ తన మోటార్‌సైకిళ్ల వివరాల్లో సీటు ఎత్తుతోపాటు ఈ కొలతను కూడా ఇస్తుంది, మిగతావారు కూడా ఇస్తే మనలాంటివారికి ఎంత మేలు జరిగేదో అని ప్రతిసారీ అనుకుంటాను.

కాలి లోపలి పొడవును ఇలా కొలవండి. గోడకు వీపు ఆనించి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైదాకా ఆనేలా పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. ప్యాంటు కొలతను నమ్మవద్దు.

ఇంకొక విషయం. నేను ఎక్కడా రెండు కాళ్లూ దించను. ఆగే ముందు నడుమును సీటు మీద కొంచెం ఎడమకు జరుపుకుని, ఎడమ పాదాన్ని పూర్తిగా ఆనిస్తాను. కుడి పాదం వెనుక బ్రేకు మీదే ఉంటుంది. ఒక పాదం మొత్తంగా ఆనితే, రెండు పాదాల వేళ్లు మాత్రమే ఆనడం కంటే ఎంతో నిలకడగా ఉంటుంది.

కొత్తక్లచ్:
పాతచైను గారూ, మీరు అడిగినది నిజమే. హ్యాండిల్ కుడికి తిరిగి ఉంది, నేను ముందు బ్రేకే నొక్కాను. ఇన్ని రోజులూ తప్పంతా నా కాలిదేనని అనుకున్నాను.

అయిదడుగులు గారూ, పుస్తకంతో కొలిచాను. 68 సెంటీమీటర్లు వచ్చింది. నా బూట్ల మడమ మూడు సెంటీమీటర్లు.

శిక్షణమైదానం:
నేను కొత్తవారికి నడపడం నేర్పుతాను. ఇంతవరకూ జరిగిన చర్చలో ఎత్తు గురించి ఎక్కువ, బరువు గురించి తక్కువ వచ్చింది కాబట్టి, దాన్ని లెక్కతో చూపిస్తాను.

190 కిలోల బండి గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉందనుకుందాం. మీరు దాన్ని మీటరు ఎత్తులో ఉన్న హ్యాండిల్ దగ్గర పట్టుకుని ఆపుతున్నారు. బండి 5 డిగ్రీలు ఒరిగితే మీరు మోయవలసింది దాదాపు 8 కిలోల బలం. 20 డిగ్రీలు ఒరిగితే అది 32 కిలోలు దాటుతుంది. మీ శరీరం బరువే 46 కిలోలు. మీరు రాసిన "మొదట్లో నెమ్మదిగా, ఆ తరువాత ఆగలేదు" అన్న మాటకు అర్థం ఇదే. ఇదే లెక్కను 168 కిలోల బండికి వేస్తే 20 డిగ్రీల దగ్గర 29 కిలోల లోపు వస్తుంది. అంటే మీరు చూస్తున్న రెండు బండ్ల మధ్య తేడా నాలుగు కిలోలే. ఒరుగుడును 5 డిగ్రీల దగ్గర పట్టుకున్నారా, 20 దగ్గర పట్టుకున్నారా అన్నదాని మధ్య తేడా నాలుగు రెట్లు. ఈ కోణంలో చూస్తే రాత్రిప్రయాణం గారి మాటలో నిజం ఉంది, కాలు త్వరగా ఆనితే ఒరుగుడును త్వరగా పట్టుకోగలం.

కానీ అదే లెక్కలో 112 కిలోల బండిని పెట్టి చూడండి. 20 డిగ్రీల దగ్గర కూడా 19 కిలోలే. హీరో స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోలు. నింజా 400 సీటూ సరిగ్గా 785 మిల్లీమీటర్లే, బరువు మాత్రం 56 కిలోలు ఎక్కువ. ఒకే ఎత్తు ఉన్న ఈ రెండింటి మీదా కొత్తవారిని కూర్చోబెడితే వారి భుజాలు బిగుసుకోవడంలో తేడా దూరం నుంచే కనబడుతుంది. మూడు నెలల అనుభవంతో, మీ శరీర బరువుకు నాలుగు రెట్లున్న బండిని మీరు ఎందుకు ఎంచుకుంటున్నారో నాకు చెప్పగలరా? తప్పు పట్టడానికి అడగడం లేదు. కారణాన్ని బట్టి సలహా మారుతుంది.

కొత్తక్లచ్:
నిజాయితీగా చెబుతాను. స్నేహితులందరూ పెద్ద బండ్ల మీద దూర ప్రయాణాలు చేస్తారు, వారితో వెళ్లాలని నా కోరిక. 125 సీసీ బండి కొంటే నేర్చుకునే దశలోనే ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఒకేసారి పెద్దది కొంటే మళ్లీ మార్చుకోనక్కర్లేదు కదా అని కూడా అనుకున్నాను.

అయిదడుగులు:
ఆ ఆలోచన నాకూ ఉండేది. నా మొదటి బండి నా స్థాయికి మించి బరువైనది. మొదటి ఏడాదిలో దాన్ని నడిపిన రోజుల కంటే ఇంటి దగ్గర వదిలి వెళ్లిన రోజులే ఎక్కువ, ఎందుకంటే బయలుదేరే ముందే "అక్కడ నిలపడానికి చోటు వాలుగా ఉంటుందేమో, వెనక్కి తోయవలసి వస్తుందేమో" అని లెక్కలు వేసుకునేదాన్ని. చేతులకు నైపుణ్యం వచ్చేది నడిపిన కిలోమీటర్ల వల్ల. నేను ఆ ఏడాదిని పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

రాత్రిప్రయాణం:
శిక్షణమైదానం గారి లెక్క చూశాక నా సలహాను కొంత సవరించుకుంటున్నాను. లింకుల మాటను వెనక్కి తీసుకుంటున్నాను. సైడ్ స్టాండ్ సంగతి నాకు తట్టలేదు. అయితే రెబెల్‌ను పూర్తిగా పక్కన పెట్టవద్దు. అంత తక్కువ సీటున్న 500 సీసీ బండ్లు ఎక్కువ లేవు. ఇంజను కూడా ఉలిక్కిపడకుండా, మెత్తగా లాగుతుంది. ఒకసారి కూర్చుని చూసి చెప్పండి.

శిక్షణమైదానం:
కూర్చుని చూడటం అంటే అద్దంలో చూసుకుని దిగిపోవడం కాదు. నేను చెప్పే క్రమంలో చూడండి. దుకాణంలో ఎవరైనా తొందరపెడితే మరో రోజు వెళ్లండి, కానీ ఈ పరీక్షల్లో దేన్నీ వదలవద్దు.

మొదట బండి ఎక్కకుండా, ఎడమ పక్కన నిలబడి, సైడ్ స్టాండ్ తీసి పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి తోయండి. బండిని మీ తుంటికి ఆనించుకుని తోయాలి, చేతులతో మోయకూడదు. తరువాత ఎక్కి కూర్చుని, స్టాండ్ మీద ఉన్న బండిని నిలువుగా లేపండి. ఒక్కసారిగా ఊపు ఇచ్చి లేపవలసి వస్తే ఆ బండి మీకు బరువే. ఆపైన హ్యాండిల్‌ను ఒక చివరి దాకా తిప్పండి. దూరంగా వెళ్లిన చేతికి ఇంకా గ్రిప్పు పూర్తిగా అందుతోందా, వేళ్లు లివరును చేరుతున్నాయా చూడండి. వెడల్పు హ్యాండిల్ ఉన్న, రెబెల్ లాంటి క్రూజర్ల దగ్గర చేతులు పొట్టిగా ఉన్నవారు తప్పేది ఇక్కడే. పాదాలు హాయిగా ఆనుతున్నాయని సంబరపడతారు, మొదటి యూటర్నులో యాక్సిలరేటర్ చేయి జారిపోతుంది. ఫుట్‌పెగ్‌లు ముందుకు జరిగి ఉన్న బండ్లలో కాళ్లకూ అదే కష్టం వస్తుంది.

తరువాత క్లచ్. ఇరవై సార్లు పూర్తిగా నొక్కి వదలండి. ఇరవయ్యోసారి ముంజేయి మండుతుంటే, రద్దీలో అరగంటకే ఆ చేయి మీ మాట వినదు.

స్పానర్:
క్లచ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి రెండు విషయాలు. చిన్న చేతులవారు లివరును వేలి కొసలతో లాగుతారు, అప్పుడు బలం సగం కూడా రాదు. వేలి రెండో కణుపు లివరు మీద పడాలి. దూరం సరిచేసుకునే చక్రం ఉన్న లివర్లు దొరుకుతాయి, వాటిని అమర్చడం చిన్న పని. క్లచ్ కేబుల్ ఉన్న బండ్లలో లివరు కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండటం మామూలు. కేబుల్‌లో నూనె ఆరిపోయినా, లోపల పోగు తెగినా లివరు గట్టిపడుతుంది. పాత బండి కొనేటప్పుడు దాన్ని చూసి మోడలే బరువని అనుకోవద్దు. నింజా 400లోనూ, 2020 తరువాతి రెబెల్ 500లోనూ అసిస్ట్ క్లచ్ ఉంది, లివరు తేలికగా వస్తుంది.

సీటు ఫోము కోయించాలనుకునేవారు ముక్కు వైపు రెండు పక్కలా చెక్కించండి, ఎత్తును తక్కువగా ముట్టుకోండి. ఎత్తు మొత్తం తీసేస్తే గంట ప్రయాణానికే కూర్చోలేరు. పక్కలు తగ్గిస్తే కాలు తిన్నగా దిగుతుంది.

పాతచైను:
పడిపోయిన బండిని లేపడం కూడా కొనకముందే ఆలోచించవలసిన విషయం. ముందు ఇంజను ఆపండి. బండి కుడి వైపు పడితే, లేపకముందే సైడ్ స్టాండ్ దించి ఉంచండి, లేకపోతే కష్టపడి లేపినది అటు పక్కకు పడుతుంది. గేరులో వేయడం వీలైతే వేయండి, చక్రం దొర్లదు. బండికి వీపు పెట్టి, పిరుదులను సీటు అంచుకు ఆనించి, ఒక చేత్తో నేల వైపు ఉన్న హ్యాండిల్‌నూ, రెండో చేత్తో వెనుక ఫ్రేము దగ్గర గట్టి భాగాన్నీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. బలం కాళ్లది, నడుము వంగకూడదు. ఈ పద్ధతిలో తేలికైనవారు కూడా బరువైన బండ్లను లేపగలరు. పెట్రోలు కారుతుంటే మాత్రం దూరంగా జరగండి.

కొత్తక్లచ్:
రెండు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. శిక్షణమైదానం గారు చెప్పిన క్రమాన్ని కాగితం మీద రాసుకుని, టేపు తీసుకుని వెళ్లాను.

రెబెల్ మీద రెండు పాదాలూ మడమలతో సహా ఆనాయి. ఆ క్షణంలో ఎంత ఊరట కలిగిందంటే, అక్కడే కొనేయాలనిపించింది. కానీ కాగితం చూసుకుని మిగతావి చేశాను. హ్యాండిల్ ఎడమకు చివరి దాకా తిప్పితే నా కుడి చేతి మూడు వేళ్లే గ్రిప్పు మీద మిగిలాయి, అందుకోవడానికి నేను సీటు అంచుకు జరిగి ముందుకు వంగవలసి వచ్చింది. దుకాణం ముందు కొద్దిపాటి వాలు ఉంది. అక్కడ బండిని వెనక్కి తోయలేకపోయాను. నా బూట్లు జారాయి తప్ప బండి కదలలేదు.

నింజా మీద బూట్లతో ఒక పాదం ముందు సగం ఆనింది. నడుము జరిపితే దాదాపు పాదమంతా ఆనింది. సీటు ముందు భాగం సన్నగా ఉండటం వల్లనని టేపు పెట్టాక అర్థమైంది. తోయడం వచ్చింది, కానీ వాలులో నా గుండె దడదడలాడింది.

అక్కడే మూలన పాత 125 సీసీ బండి ఒకటి అమ్మకానికి ఉంది. సీటు నింజా సీటంత ఎత్తే. అయినా దాన్ని వాలులో వెనక్కి తోస్తున్నప్పుడు నేను నేలను చూడలేదని, తోసేశాక గమనించాను. వెనుక నుంచి వస్తున్న ఆటో కోసం తల తిప్పి చూశాను.

ఆ బండి తీసుకున్నాను. ఏడాది పాటు దీని మీదే నడుపుతాను. ఒక్క సందేహం మిగిలింది. పక్కకు వాలుగా ఉన్న రోడ్డు మీద ఆగవలసి వస్తే, కాలు ఎటు దించాలి?

అయిదడుగులు:
ఎంతో సంతోషంగా ఉంది. ఎప్పుడూ ఎత్తుగా ఉన్న వైపే దించండి. పాదం బండికి 40 సెంటీమీటర్ల పక్కన పడుతుందనుకుంటే, మీటరుకు అయిదు సెంటీమీటర్ల వాలు ఉన్న రోడ్డు మీద పల్లం వైపు నేల రెండు సెంటీమీటర్లు లోతుకు వెళ్తుంది, ఎత్తు వైపు అంతే దగ్గరకు వస్తుంది. ఎత్తు కుడి వైపున ఉంటే ఎడమ కాలి అలవాటును వదిలి కుడికాలే దించాలి. అప్పుడు బండిని ముందు బ్రేకుతో పట్టుకోండి, హ్యాండిల్ తిన్నగా ఉండనివ్వండి. ఖాళీ మైదానంలో కుడికాలితో ఆగడాన్ని కూడా కొన్నాళ్లు సాధన చేయండి.

శిక్షణమైదానం:
దానితోపాటు హాఫ్ క్లచ్ మీద, వెనుక బ్రేకును కొద్దిగా నొక్కి ఉంచి, నడిచే మనిషి వేగంతో తిన్నగా ముప్పై అడుగులు వెళ్లడాన్ని రోజూ పది నిమిషాలు చేయండి. కాలు దించవలసిన అవసరాన్నే అది సగానికి తగ్గిస్తుంది. చూపు మాత్రం ముందు చక్రం మీద కాక, వెళ్లవలసిన చోట ఉండాలి.

స్పానర్:
పాత బండి కాబట్టి, మొదటి వారంలోనే క్లచ్ కేబుల్‌నూ, టైర్ల మీద ముద్రించిన తయారీ వారాన్నీ, సంవత్సరాన్నీ చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. వెనుక షాక్ అబ్జార్బర్లు రెండుంటే రెండింటినీ ఒకే మెట్టు మీద పెట్టండి. మీ బరువుకు అన్నింటికంటే మెత్తని మెట్టుతో మొదలుపెట్టవచ్చు.

కొత్తక్లచ్:
చూశాను. షాక్ అబ్జార్బర్లు ఎడమది రెండో మెట్టు మీద, కుడిది నాలుగో మెట్టు మీద ఉన్నాయి. రెండింటినీ మొదటి మెట్టుకు తెచ్చాను. ఈ ఉదయం ఎడమ పాదం మడమతో సహా ఆనింది.